సింగపూర్ యాప్, గుంటూరు కార్డు: ఒక విదేశీ కంపెనీ ఇండియాకు వచ్చిన కేసు

ఈ కేసులో క్లయింటు సింగపూర్ కంపెనీ. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు ప్రాక్టీసు చేయించే యాప్ వాళ్లది. నెలకింత అని సబ్‌స్క్రిప్షన్ కడితే పాఠాలు, టెస్టులు, వారానికోసారి టీచరుతో లైవ్‌లో సందేహాలు తీర్చే క్లాసు ఉంటాయి. కంపెనీ పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. చట్టాలు, గడువులు, ఎదురైన చిక్కులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

2023 చివర్లో వాళ్ల ఫైనాన్స్ హెడ్ నుంచి మెయిల్ వచ్చింది. హైదరాబాద్‌లో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్ చేయడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఎంత అవుతుంది? అంతే ఆయన అడిగింది. కంపెనీ సెక్రటరీగా నాకు బాగా అలవాటైన ప్రశ్నే ఇది. బయటి దేశాల వాళ్లు దాదాపు అందరూ ఇక్కడి నుంచే మొదలుపెడతారు. కంపెనీ పుట్టిన రోజు నుంచి చట్టం మొదలవుతుందని, అప్పటిదాకా ఇంకా ఇండియాలోకి రాలేదని వాళ్ల లెక్క. మన చట్టాలు చాలావరకు ఆఫీసు ఎక్కడుందో చూడవు, కస్టమర్ ఎక్కడున్నాడో చూస్తాయి. ఇక్కడి మనిషి దగ్గర మొదటి రూపాయి తీసుకున్న రోజే వాటిలో సగం తగులుకుంటాయి.

అందుకని కొటేషన్ పంపకుండా మూడు స్క్రీన్‌షాట్లు అడిగాను. డబ్బు కట్టే పేజీ, కొత్తగా చేరే పేజీ, సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకునే పేజీ. వాళ్ల ప్రొడక్ట్ మేనేజర్ విజయవాడ అమ్మాయి, చాలా ఏళ్లుగా సింగపూర్‌లో ఉంటోంది. స్క్రీన్‌షాట్లు పంపి ఫోన్ చేసింది.

“వీటితో కంపెనీ రిజిస్ట్రేషన్‌కి పనేంటి సార్?”

“రిజిస్ట్రేషన్‌కి పని లేదమ్మా. ఇప్పటిదాకా మీరు వసూలు చేసిన డబ్బుకి పని ఉంది.”

ఏడాదిన్నరగా వాళ్ల వెబ్‌సైట్‌లో ఇండియా కస్టమర్లు డబ్బు కడుతున్నారు. ఇక్కడ ప్రకటనలు ఇవ్వలేదు, ఉద్యోగులను పెట్టలేదు. ఒక తల్లి ఇంకో తల్లికి చెబితే అలా పాకిపోయిన వ్యాపారం. సింగపూర్ వాళ్ల రికార్డుల్లో దీన్ని ఇండియా వ్యాపారం అనే అనలేదు, ‘ఇతర దేశాలు’ అన్న వరుసలో వేశారు.

పాత బాకీ

జీఎస్టీలో ఓఐడీఏఆర్ అనే వర్గం ఉంది. విదేశం నుంచి ఇంటర్నెట్ మీద ఇచ్చే సేవలు దాని కిందికి వస్తాయి. సినిమా స్ట్రీమింగ్, ఈ-బుక్స్, ఆన్‌లైన్ గేములు, రికార్డు చేసిన పాఠాలు అన్నీ అందులోవే. పన్ను 18 శాతం. ఇక్కడి వ్యాపారులకున్నట్టు 20 లక్షల టర్నోవర్ దాకా మినహాయింపు లాంటిదేమీ లేదు. జీఎస్టీ నంబరు లేని ఒక్క కస్టమర్‌కి ఒక్క నెల అమ్మినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆఫీసు అక్కర్లేదు, ఇక్కడ ఒక ప్రతినిధిని పెట్టుకుని ప్రత్యేక ఫారంలో రిజిస్టర్ కావచ్చు. ప్రతి నెలా 20లోపు జీఎస్టీఆర్-5ఏ అనే రిటర్ను వేయాలి. దేశమంతటికీ ఈ రిజిస్ట్రేషన్లు బెంగళూరు వెస్ట్ కమిషనరేట్ చూస్తుంది.

“మా యూజర్లు ఎక్కడుంటారో మాకు తెలియదు, అడ్రస్ అడగం” అన్నది ఫైనాన్స్ హెడ్ మొదటి వాదన. చట్టం దీన్ని ముందే ఊహించింది. బిల్లింగ్ అడ్రస్, కార్డు ఇచ్చిన బ్యాంకు దేశం, ఐపీ అడ్రస్, సిమ్ కంట్రీ కోడ్ ఇలా ఏడు ఆనవాళ్లు రాసి, వాటిలో ఒకదానికొకటి విరుద్ధం కాని రెండు ఇండియావైతే కస్టమర్ ఇండియాలో ఉన్నట్టే అంది. వీళ్లు ఓటీపీ పంపుతున్నది +91 నంబర్లకు, డబ్బు వస్తున్నది ఇక్కడి బ్యాంకుల కార్డుల నుంచి. రెండూ వాళ్ల డేటాబేస్‌లోనే ఉన్నాయి. ఆ వాదన అక్కడితో ముగిసింది.

పాత లెక్క తీయడంలో తలనొప్పి మరొకటి. 2023 అక్టోబరు 1న ఓఐడీఏఆర్ నిర్వచనం మారింది. అంతకుముందు మనిషి ప్రమేయం దాదాపు లేకుండా ఆటోమేటిక్‌గా అందే సేవలే దాని కిందికి వచ్చేవి. ఆ షరతు తీసేశారు. అంటే టీచరు కూర్చుని చెప్పే లైవ్ క్లాసు సెప్టెంబరులో బయట, అక్టోబరులో లోపల. కొనేవాళ్ల విషయంలోనూ అంతే. అంతకుముందు సొంత వాడకానికి కొన్న వ్యక్తులను, ప్రభుత్వ సంస్థలను లెక్కించేవాళ్లు. ఆ తర్వాత జీఎస్టీ నంబరు లేని వాళ్లందరూ వచ్చారు, చిన్న ట్యూషన్ సెంటర్లతో సహా. అందుకే ఆ తేదీకి ముందొక షీటు, తర్వాతొక షీటు తయారుచేయాల్సి వచ్చింది. యాప్ స్టోర్ ద్వారా వచ్చిన అమ్మకాలను పక్కన పెట్టాం, వాటి మీద పన్ను సాధారణంగా ఆ స్టోరే చూసుకుంటుంది. వెబ్‌సైట్‌లో నేరుగా వచ్చిన డబ్బే వీళ్ల నెత్తిమీదది.

కస్టమర్ల దగ్గర పన్ను వసూలు చేయలేదు కాబట్టి అదంతా చేతి నుంచే పోయింది. వచ్చిన ప్రతి 590 రూపాయల్లో 90 పన్ను అనుకోవాలి, దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. నోటీసు రాకముందే మనంతట మనం పన్ను, వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడే వెసులుబాటు చట్టంలో ఉంది. ఇదొక్కటే బోర్డును ఒప్పించింది. “ఎవరూ అడగలేదుగా” అన్న డైరెక్టర్ కూడా పెనాల్టీ లెక్క పక్కన పెట్టి చూపిస్తే సరే అన్నాడు.

అప్పట్లో విదేశీ ఈ-కామర్స్ కంపెనీల మీద 2 శాతం ఈక్వలైజేషన్ లెవీ కూడా ఉండేది. ఇండియా రాబడి 2 కోట్లు దాటితేనే అది పడుతుంది, వీళ్లు ఆ దరిదాపుల్లో లేరు. 2024 ఆగస్టు 1 నుంచి దాన్ని పూర్తిగా ఎత్తేశారు.

రెండో నెల ఎందుకు ఆగిపోతున్నారు

ఈ కేసులో నాకు బాగా ఆసక్తిగా అనిపించింది ఈ భాగమే. సింగపూర్ టీమ్ చూపించిన గ్రాఫులో ఇండియా కస్టమర్లు మొదటి నెల కట్టి రెండో నెల పెద్ద ఎత్తున పడిపోతున్నారు. వాళ్లు దానికి అర్థం కూడా చెప్పేసుకున్నారు. ఇండియా వాళ్లు పరీక్షల ముందు ఒక్క నెల తీసుకుని మానేస్తారు, ధర తగ్గించాలి అని.

ప్రొడక్ట్ మేనేజర్ ఒక రోజు మాటల్లో వాళ్ల పిన్ని సంగతి చెప్పింది. ఆవిడది గుంటూరు, కూతురి కోసం యాప్ తీసుకున్నారు. మొదటిసారి కార్డు పనిచేయలేదు. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసుకుంటే పనిచేసింది. రెండో నెల డబ్బు కట్ కాలేదు, యాప్ ఆగిపోయింది. “పిన్ని బ్యాంకుకి ఫోన్ చేస్తే ‘మీ మర్చంట్ దగ్గర్నుంచి మాండేట్ రాలేదమ్మా’ అన్నారట సార్. ఆవిడకేం అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.”

ఆవిడకు తగిలినవి రెండు వేర్వేరు ఆర్‌బీఐ ఆదేశాలు. మొదటిది 2020 జనవరిలో వచ్చింది. కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలలో, స్వైప్ మెషీన్ల దగ్గరే పనిచేయాలి. విదేశీ లావాదేవీలు, ఆన్‌లైన్ వాడకం కావాలంటే కార్డు గల మనిషే ఆన్ చేసుకోవాలి. వీళ్ల సైటు ధర రూపాయల్లోనే చూపించినా డబ్బు వెళ్లేది సింగపూర్‌కి కాబట్టి అది విదేశీ లావాదేవీయే.

రెండోది ఈ-మాండేట్. నెలనెలా ఆటోమేటిక్‌గా కట్ అయ్యే చెల్లింపులకు మొదటిసారి ఓటీపీతో మాండేట్, అంటే కస్టమర్ ముందస్తు అనుమతి, రిజిస్టర్ చేయాలి. ఆ తర్వాత ప్రతిసారీ డబ్బు తీసుకునే 24 గంటల ముందు కస్టమర్‌కి సమాచారం వెళ్లాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలుండాలి. 2021 అక్టోబరు 1 నుంచి ఇది లేని చెల్లింపులు బ్యాంకులు పంపకూడదు. దేశం లోపలివైనా బయటివైనా సరే అని ఆర్‌బీఐ విడిగా రాసింది. ఓటీపీ లేకుండా కట్ అయ్యే మొత్తానికి పరిమితి మొదట 2,000 రూపాయలు, తర్వాత 5,000, 2022 జూన్‌లో 15,000 చేశారు. పరిమితి వీళ్లకు సమస్యే కాదు. వీళ్ల సెటప్‌లో అసలు మాండేటే రిజిస్టర్ కావడం లేదు. కార్డు వివరాలు ఒకసారి తీసుకుని నెలనెలా లాగడం ప్రపంచమంతా నడుస్తోంది కదా అని అదే పద్ధతి ఇక్కడా పెట్టేశారు.

అంటే ఆ గ్రాఫులో పడిపోయిన వాళ్లలో చాలామంది మానేసిన వాళ్లు కాదు, కడదామన్నా కట్టలేకపోయిన వాళ్లు. ధర తగ్గించి ఉంటే అదే బ్యాంకు అదే కారణంతో తక్కువ మొత్తాన్ని కూడా తిప్పికొట్టేది. కంప్లయన్స్ (చట్టాలు పాటించడం) అంటే ఖర్చు అనుకునే వాళ్లకు నేను ఈ గ్రాఫు గురించే చెబుతుంటాను.

బోర్డు కాల్‌లో ఒకాయన, చిన్న విదేశీ కంపెనీ జోలికి ఆర్‌బీఐ ఎందుకొస్తుంది అన్నారు. నేను పాత తేదీలు చెప్పాను. చెల్లింపుల డేటా మొత్తం ఇండియాలోనే ఉంచాలని ఆర్‌బీఐ 2018 ఏప్రిల్ 6న చెప్పి ఆరు నెలలు గడువిచ్చింది. పాటించలేదని 2021 మే 1 నుంచి అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డైనర్స్ క్లబ్ కొత్త కస్టమర్లను చేర్చుకోకుండా ఆపింది. జులై 22 నుంచి మాస్టర్‌కార్డ్‌నీ ఆపింది. మాస్టర్‌కార్డ్‌కి మళ్లీ అనుమతి వచ్చింది 2022 జూన్‌లో, అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌కి ఆగస్టులో. అంత పెద్ద సంస్థలకే ఏడాది పాటు కొత్త కార్డు ఇచ్చే వీల్లేకపోయింది. పైగా చిన్న కంపెనీ విషయంలో ఆర్‌బీఐ రావాల్సిన అవసరమే లేదు, గుంటూరులో బ్యాంకు సర్వరే ‘నో’ అనేస్తుంది.

అప్పుడు కంపెనీ మాట

ఇప్పుడు దారులు మూడు. యాప్ స్టోర్లలో మాత్రమే అమ్మడం ఒకటి. మాండేట్లు, పన్ను వాళ్లు చూసుకుంటారు, 15 నుంచి 30 శాతం కమిషన్ పోతుంది. సింగపూర్ నుంచే అమ్ముతూ, ఆర్‌బీఐ అనుమతి ఉన్న పేమెంట్ సంస్థ ద్వారా మాండేట్లు పెట్టుకోవడం ఇంకొకటి. ఇక్కడ సబ్సిడరీ, అంటే సింగపూర్ కంపెనీ కింద ఉండే ఇండియా కంపెనీ, పెట్టడం మూడోది. ఒక్క యాప్ అమ్ముకోవడానికే అయితే నేను మూడోది వద్దనే చెప్పేవాణ్ణి. ఏటా ఆడిట్, ఆర్వోసీ (కంపెనీల రిజిస్ట్రార్) దగ్గర ఫైలింగులు, బోర్డు మీటింగులు, మాతృసంస్థతో జరిగే ప్రతి లావాదేవీ సరైన ధరకే జరిగిందని చూపే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ రిపోర్టు, అదొక సంసారం. కానీ వీళ్లకు యూపీఐ ఆటోపే కావాలి, ఇక్కడి స్కూళ్లకు జీఎస్టీ ఇన్వాయిస్ ఇవ్వాలి, హైదరాబాద్‌లో కంటెంట్ టీమ్ పెట్టాలి. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి సబ్సిడరీకి సరే అన్నాను.

రిజిస్ట్రేషన్‌లో చెప్పుకోదగ్గవి పెద్దగా లేవు. ఇద్దరు డైరెక్టర్లు కావాలి, వాళ్లలో ఒకరు ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు ఇండియాలో ఉండాలి. ఆ ఒక్కరిని నెలకింత అని అద్దెకిచ్చే వాళ్లు మార్కెట్లో ఉన్నారు. నేను వద్దంటాను. రేపు కేసు వస్తే సమన్లు వెళ్లేది ఆయనకు, కంపెనీ గురించి ఆయనకేమీ తెలియదు. అంతకంటే బాధ్యత లేని ఏర్పాటు ఇంకోటి ఉండదు. వీళ్లు కంటెంట్ టీమ్‌కు హెడ్‌గా తీసుకున్నావిడనే డైరెక్టర్‌ని చేశారు. సింగపూర్ కామన్‌వెల్త్ దేశం కాబట్టి కంపెనీ పత్రాలకు అక్కడి నోటరీ సరిపోయింది. బ్యాంకు మాత్రం అపోస్టిల్ (పత్రం అసలైనదేనని ఆ దేశ ప్రభుత్వం వేసే ముద్ర) కూడా అడిగింది.

అసలు ఆలస్యం ప్రెస్ నోట్ 3 దగ్గర. విదేశీ పెట్టుబడుల మీద కేంద్రం 2020 ఏప్రిల్ 17న ఇచ్చిన ఈ నోటు ప్రకారం అప్పట్లో, ఇండియాతో భూ సరిహద్దు ఉన్న దేశం నుంచి పెట్టుబడి వచ్చినా, పెట్టుబడి వెనక అసలు యజమాని ఆ దేశం వాడైనా ప్రభుత్వ అనుమతి లేకుండా తీసుకునే వీల్లేకపోయింది. సింగపూర్ కంపెనీకి ఇబ్బందేంటి అనిపిస్తుంది. వీళ్ల తొలి పెట్టుబడిదారుల్లో ఒక ఫండ్ ఉంది. అది రిజిస్టరైంది వేరే చోట, అందులో డబ్బు పెట్టిన వాళ్లలో కొందరు హాంకాంగ్ వాళ్లు. హాంకాంగ్‌ను చైనా కిందే చూస్తారు. వాటా చిన్నదే, కానీ ‘అసలు యజమాని’ అంటే ఎంత శాతం నుంచి అన్నది ఆ నోటులో రాయలేదు. కంపెనీల చట్టంలో 10 శాతం, మనీలాండరింగ్ నిబంధనల్లో 2023 మార్చి దాకా 25 శాతం, ఆ తర్వాత 10. ఏది పట్టుకోవాలో అప్పట్లో ఒక్కో బ్యాంకు ఒక్కోలా చూసేది. మా బ్యాంకు అసలు శాతమే చూడనంది. చివరి మనిషి పేరు దాకా చార్టు కావాలని కూర్చుంది.

ఫండ్ వాళ్లు తమ మదుపుదారుల పేర్లు ఇవ్వడానికి ఇష్టపడరు, వాళ్లకూ ఒప్పందాలుంటాయి. ఆఖరికి, ఎవరి వాటా అయినా పరోక్షంగా 10 శాతం దాటదని, బోర్డులో వాళ్లకు సీటు గానీ వీటో గానీ లేదని ఫండ్ మేనేజరు లెటర్‌హెడ్ మీద ధ్రువీకరణ ఇచ్చారు. దానికి షేర్‌హోల్డర్ల ఒప్పందంలోని సంబంధిత క్లాజులు జతచేశాక బ్యాంకు కంప్లయన్స్ విభాగం ఒప్పుకుంది. ఈ చార్టు పని కంపెనీ పేరు రిజర్వ్ చేయకముందే మొదలుపెట్టించాను. కంపెనీ పుట్టాక మొదలైతే క్యాపిటల్ రాకుండా, 180 రోజుల్లో వేయాల్సిన వ్యాపార ప్రారంభ డిక్లరేషన్ వేయలేక, ఉద్యోగులకు జీతాలివ్వలేక ఊగిసలాడాల్సి వచ్చేది.

ఇంకొకటి చెప్పకపోతే మనసొప్పదు. ప్రైవేట్ కంపెనీకి ఇద్దరు షేర్‌హోల్డర్లు కావాలి కాబట్టి ఒక్క షేరు వ్యవస్థాపకుడి పేరున పెట్టాం. దాని విలువ పది రూపాయలు. ఆయన డబ్బు ఆయన ఖాతా నుంచే రావాలని మెయిల్‌లో రాసి ఉంది. అక్కడి అకౌంట్స్ వాళ్లు మొత్తం ఒకే వైర్‌లో కంపెనీ ఖాతా నుంచి పంపేశారు, పది రూపాయలకు వేరే ట్రాన్స్‌ఫర్ ఏమిటని. షేర్లు కేటాయించిన 30 రోజుల్లో ఆర్‌బీఐ పోర్టల్‌లో ఎఫ్‌సీ-జీపీఆర్ అనే ఫారం వేయాలి, విదేశీయులకు షేర్లిచ్చామని చెప్పేది అది. పంపినవాడు ఒకడు, షేరు ఇంకొకడిది అని బ్యాంకు దాన్ని వెనక్కి పంపింది. పది రూపాయల షేరు కోసం రెండు డిక్లరేషన్లు, రెండో వ్యక్తి కేవైసీ, సింగపూర్ బ్యాంకు నుంచి మళ్లీ ఒక లేఖ. అన్నీ చేరి ఫారం ఆమోదం పొందేసరికి గడువుకు దగ్గరపడ్డాం. టెన్షన్ మామూలుగా లేదు.

సబ్సిడరీ నుంచి సింగపూర్‌కి వెళ్లే లైసెన్సు ఫీజు మీద టీడీఎస్ సంగతి సీఏ గారు చూశారు. మన చట్టంలో రాయల్టీకి రేటు 2023లో 10 నుంచి 20 శాతం అయింది. సింగపూర్‌తో ఉన్న పన్ను ఒప్పందంలో 10. ఆ తేడా దక్కాలంటే ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ ప్రతి ఏడాదీ ముందే తెప్పించుకోవాలి.

రద్దు బటన్, ఆరు గంటలు

మూడో స్క్రీన్‌షాట్‌కి వస్తే, రద్దు పేజీలో బటనే లేదు. సపోర్టుకు మెయిల్ రాయండి, పని దినాల్లో జవాబిస్తాం అని ఉంది. మెయిల్ రాస్తే సగం ధరకు ఇంకో మూడు నెలలు ఉండమనే ఆఫర్ వస్తుంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ పదమూడు డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కస్టమర్‌ని బోల్తా కొట్టించే డిజైన్ ఎత్తులను, నిషేధించింది. వాటిలో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. చేరడం తేలిక, బయటపడటం కష్టం అయితే అది ట్రాపే. పైగా 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కస్టమర్ తానుండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. గుంటూరు జిల్లా కమిషన్‌లో వేస్తే సింగపూర్ కంపెనీ గుంటూరుకే రావాలి. ఇది చెప్పగానే బటన్ వచ్చింది. ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ సైటులో పెట్టాం. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి.

సైబర్ ఘటనల విషయంలో మాతృసంస్థ ప్లాన్‌లో ముందు లీగల్ రివ్యూ, తర్వాత 72 గంటల్లో రిపోర్టు అని ఉంది. మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల్లో గడువు 6 గంటలు, అదీ తెలిసిన క్షణం నుంచి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఇక్కడ ఆఫీసు లేకపోయినా ఇండియా యూజర్లకు సేవలిస్తే ఇది వర్తిస్తుంది. వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు దాచి ఉంచాలని అవే ఆదేశాల్లో ఉన్న షరతు వద్దనుకునే ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ లాంటి కంపెనీలు ఆ ఏడాది ఇండియాలోని తమ సర్వర్లు తీసేశాయి. మేం ఒక డ్రిల్ చేశాం. శనివారం రాత్రి ఉత్తుత్తి ఘటన అని మెసేజ్ పెడితే, సింగపూర్ లాయర్ ఫోన్ ఎత్తేసరికే గడువు దాటిపోయింది. ఆ తర్వాత, తెలిసినంతవరకు మొదటి రిపోర్టు పంపే అధికారం హైదరాబాద్ ఇంజినీరింగ్ లీడ్‌కే ఇచ్చారు, లీగల్ రివ్యూ రెండో రిపోర్టుకు.

పిల్లవాడి వయసు 18 దాకా

చివరికి మిగిలింది, ఇంకా పూర్తిగా తేలనిది ఇదే. చేరే పేజీలో ‘నాకు 13 ఏళ్లు నిండాయి’ అనే టిక్ ఉంది. అమెరికా చట్టంలో గీత 13 దగ్గర ఉంది, సింగపూర్ మార్గదర్శకాల్లో కూడా 13 దాటిన వాళ్లు అర్థమైతే సొంతంగా సమ్మతి ఇవ్వొచ్చు. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో పిల్లలంటే 18 నిండని వాళ్లందరూ. ఇంటర్ సెకండియర్ కుర్రాడు కూడా పిల్లవాడే, అమ్మో నాన్నో నిజంగా సమ్మతించారని రుజువుండాలి. ఆ మాటకొస్తే, యాప్ షరతులకు 15 ఏళ్ల పిల్లవాడు ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కితే అది ఒప్పందమే కాదని మన కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. మైనర్ చేసిన ఒప్పందం చెల్లదని కలకత్తా తాకట్టు కేసులో అప్పటి మన అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ తేల్చింది 1903లో.

డేటా రక్షణ చట్టం రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. చట్టంలోని ప్రధాన బాధ్యతలు అమలయ్యేది పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే. పిల్లల డేటా విషయంలో తప్పితే పెనాల్టీ 200 కోట్ల దాకా ఉంది. తల్లిదండ్రుల సమ్మతి సంగతి సాంకేతికంగా తేలికే. డబ్బు కట్టేది ఎలాగూ వాళ్లే, ఖాతా వాళ్ల పేరున తెరిచి, గుర్తింపు సరిచూసి, పిల్లల ప్రొఫైల్ దాని కింద పెడితే సరిపోతుంది. సమ్మతి అడిగే నోటీసు ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలి, తెలుగు అందులో ఉంది. దీన్ని మెషీన్‌కు వదలకుండా హైదరాబాద్ టీమ్ టీచర్లతో రాయించాం.

చిక్కల్లా చట్టంలోని ఇంకో వాక్యంతో. పిల్లలను ట్రాక్ చేయడం, వాళ్ల ప్రవర్తనను గమనించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలివ్వడం నిషేధం. ప్రకటనలు వీళ్లకు లేవు. కానీ ఈ యాప్ అమ్ముడయ్యేదే పిల్లవాడు ఎక్కడ తప్పు చేస్తున్నాడో గమనించి తర్వాతి లెక్క దానికి తగ్గట్టు ఇస్తుందని. అది ప్రవర్తనను గమనించడమా? విద్యాసంస్థలు చదువు అవసరం మేరకు గమనించవచ్చని రూల్స్‌లో మినహాయింపు ఉంది. యాప్ విద్యాసంస్థ అవుతుందని ధైర్యంగా చెప్పే పరిస్థితి లేదు. స్కూలు కొని తన పిల్లలకు ఇస్తే స్కూలు మినహాయింపు నీడలోకి రావచ్చు. తల్లి నేరుగా కొంటే ఆ నీడ లేదు.

నేను రాతపూర్వకంగా ఇచ్చిన అభిప్రాయంలో ఫీచర్లను రెండుగా విడగొట్టాను. భిన్నాల్లో తప్పు చేశాడు కాబట్టి ఇంకో భిన్నాల లెక్క ఇవ్వడం తల్లి కొన్న సేవే, అది ఇవ్వకపోతే సరుకే లేదు. దీన్ని సమర్థించుకోవచ్చు. పిల్లవాడు రాత్రి ఎన్నింటికి ఫోన్ తీస్తాడో నేర్చుకుని ఆ సమయానికే ‘నీ ఫ్రెండ్స్ ముందుకెళ్లిపోతున్నారు’ అని నోటిఫికేషన్ పంపే ఫీచర్ కూడా యాప్‌లో ఉంది. దాన్ని ఏ కోర్టులోనూ సమర్థించలేం, సమర్థించాలని నాకూ లేదు. ప్రొడక్ట్ టీమ్ గట్టిగానే వాదించింది, వాడకం పెంచేది అదేనని. బోర్డు తీసేయమంది. ఇండియా వెర్షన్‌లో అది ఇప్పుడు లేదు.

మొదటిదాన్ని కూడా విడిగా ఆపేసే స్విచ్ పెట్టించాం. డేటా రక్షణ బోర్డు దీన్ని ఎలా చదువుతుందో తేలేదాకా దాని రికార్డు సెషన్ వరకే ఉంటుంది, తల్లి ‘ప్రోగ్రెస్ కావాలి’ అని విడిగా ఒప్పుకున్న ఖాతాల్లో మాత్రం టర్మ్ చివరిదాకా. 2027 మేలోపు పాత ఖాతాలన్నిటికీ కొత్త నోటీసు వెళ్లాలి. వాటిలో ‘13 నిండాయి’ అని టిక్ పెట్టిన పిల్లలు సొంతంగా తెరిచిన ఖాతాలు ఉన్నాయి, వాళ్ల తల్లిదండ్రుల నంబర్లు కంపెనీ దగ్గర లేవు. ఆ ఖాతాల్లో తర్వాత లాగిన్ అయ్యేది ఎప్పుడైనా సరే, పెద్దవాళ్ల నంబరు ఇవ్వకపోతే లోపలికి రానివ్వని స్క్రీను తయారవుతోంది. డిజైన్ మొన్ననే నా దగ్గరకు వచ్చింది. ‘తర్వాత చూద్దాం’ అనే బటన్ ఒకటి కనిపించింది, తీసేయమని రాశాను.